పిలుపుకు, రాతకు, స్పెల్లింగుకు నిలిచే పేరు: పిల్లల పేర్లలో శబ్దాలు, అక్షరాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

తొట్టెల, అంటే పేరు పెట్టే వేడుక, దగ్గరపడే కొద్దీ ఇంట్లో పేర్ల చిట్టా పెరుగుతుందే గాని తరగదు. నల్లగొండ, సూర్యాపేట మొదలుకొని పాలమూరు, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట దాకా ఇళ్లల్లో ఆ రోజుల్లో వచ్చే ప్రశ్నలను ఇక్కడ తీసుకున్నాం. పేరు మూడు చోట్ల బతకాలి: అవ్వ నోట్లో, తెలుగు రాతలో, ఇంగ్లీషు స్పెల్లింగులో. మూడు చోట్లా అది ఒకే పేరుగా వినిపించాలి. చూసుకోవాల్సిన వరుస కూడా అదే. చాలామంది స్పెల్లింగు నుంచి మొదలుపెట్టి అవ్వ దగ్గర ఆగిపోతున్నారు.

ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న శబ్దాలు ఏవి? పాత పేర్లకు వీటికి తేడా ఎక్కడుంది?

మగపిల్లలకు చివర 'విక్', 'యాన్', 'అన్ష్': సాత్విక్, రిత్విక్, వియాన్, రేయాన్ష్. ఆడపిల్లలకు చివర 'న్వి', 'విక', 'ఇత', లేదంటే ముందర 'శ్రీ': తన్వి, సాన్వి, దేవిక, హర్షిత, శ్రీనిధి, శ్రీహిత. వీటిలో ఎక్కువగా వినపడేవి య, వ, ర, హ, న. మెత్తగా జారిపోయే శబ్దాలవి.

పాత పేర్లు చూడండి: మల్లయ్య, లచ్చమ్మ, సత్తయ్య, ఎల్లమ్మ, కిష్టయ్య. ప్రతి పేరులో ఒక ద్విత్వమో సంయుక్తమో ఉండి, చివర మళ్లీ 'య్య' లేదా 'మ్మ' అని బరువు పడుతుంది. పొలం ఈ గట్టు మీద నుంచి ఆ గట్టుకు వినపడాల్సిన పేర్లు అట్లాగే ఉంటాయి. కొత్త పేర్లకు ఆ బరువు లేదు. గదిలో పిలవడానికి ముద్దుగా ఉంటాయి, బయట గాలికి పలచబడిపోతాయి. అందుకే కింద చెప్పిన పిలుపు పరీక్ష చేయమంటున్నాం.

'సాత్విక్' అని పెడితే అందరూ 'సాత్వికు' అంటున్నారు. ఎందుకు?

తెలుగు అజంత భాష. మన మాట అచ్చుతో ముగుస్తుంది. పొల్లుతో, అంటే అచ్చు లేని హల్లుతో, ముగిసే మాట వస్తే నోరు తనంతట తానే 'ఉ' చేర్చుకుంటుంది: బస్సు, కారు, ఫోను. పేరుకూ అదే జరుగుతుంది. దగ్గర్నుంచి 'సాత్విక్' అనే తల్లే వాకిట్లో నిలబడి పిలిస్తే 'సాత్వికూ!' అంటుంది, ఎందుకంటే గొంతు సాగదీయాలంటే అచ్చు కావాలి. 'క్' దగ్గర గొంతు ఆగిపోతుంది. ఇది తప్పు పలుకు కాదు, భాష లక్షణం.

చిక్కు 'ఉ' చేరడంలో లేదు, రెండు పొల్లులు కలిసి చివర పడటంలో ఉంది. 'రేయాన్ష్' అంటే ముసలివాళ్ల నోట 'రేయాంసు' అవుతుంది. 'అన్ష్' అసలు 'అంశ' అనే మాటే, హిందీలో చివరి అచ్చు రాలిపోయి అట్లా అయింది. పొల్లు ముగింపు ఇష్టమైతే ఒకే పొల్లు ఉన్నది తీసుకోండి: చరణ్, కార్తీక్, వరుణ్. రెండు పొల్లులున్న పేరే కావాలంటే చివర అచ్చు నిలబెట్టి రాయించండి.

పిలుపు పరీక్ష ఎట్లా చేయాలి?

మూడు పేర్లకు మించకుండా చిట్టా తగ్గించాక చేయండి. అరగంట పని.

మొదట, ఇంట్లో అందరికంటే పెద్ద మనిషికి పేరు ఒక్కసారి మాత్రమే పలికి వినిపించండి. అయిదు నిమిషాలాగి, "పిల్లగానికి ఏం పేరన్నాం?" అని అడగండి. తిరిగి వచ్చిన పేరే ఆ ఇంట్లో నిలవబోయే పేరు. అది మీకు నచ్చితే పెట్టండి, నచ్చకపోతే ఇప్పుడే మార్చండి.

తర్వాత వాకిట్లోంచి వీధి చివరకు, అంటే నలభై యాభై అడుగుల దూరానికి, గట్టిగా పిలవండి. అవతల ఉన్నవాళ్లకు ఏం వినపడిందో చెప్పమనండి. దూరానికి అచ్చులే అందుతాయి, హల్లులు రాలిపోతాయి. 'తన్వి', 'మాన్వి', 'జాన్వి' ఒకే వీధిలో ఉంటే మూడూ 'ఆన్వి' గానే వినిపిస్తాయి.

చివరగా ముద్దుపేరు చూడండి. మన దగ్గర మగపిల్లల పేరు కురచై చివర 'గ' చేరుతుంది: రాజుగ, శీనుగ. 'విక్' ఉన్నవి 'విక్కి' అవుతాయి. ఆడపిల్లల పేరులో మొదటి రెండక్షరాలే మిగులుతాయి. ఆ రెండక్షరాలను విడిగా పలికి, ఏదైనా వెక్కిరింత మాటకు దగ్గరగా ఉందేమో బడికి పోయే పిల్లలను అడగండి. పెద్దలకు తట్టనిది వాళ్లకు క్షణంలో తడుతుంది.

అవ్వలకు, తాతలకు నోరు తిరగని అక్షరాలు ఏవి?

ముందు ఒత్తులు. ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ, భ సంస్కృతంతో వచ్చినవి. మాటల్లో ఒత్తు పోతుంది: ధనుష్ 'దనుసు', భార్గవి 'బార్గవి'. దీంతో పెద్ద నష్టం లేదు, పేరు గుర్తుపట్టేటట్టే ఉంటుంది.

పేరు రూపమే మార్చేవి వేరే ఉన్నాయి. క్ష 'చ్చ' అవుతుంది: లక్ష్మి నుంచి లచ్చి, లచ్చమ్మ, లచ్చయ్య వచ్చాయి. ఈ లెక్కన 'అక్షర' పలుకులో 'అచ్చర' కావచ్చు. ష్ణ 'ష్ట' అవుతుంది: కృష్ణయ్య కిష్టయ్య అయింది. పదం మొదట్లో 'శ్రీ'లో ర జారిపోతుంది: శ్రీను 'శీను'. హ్న తిరగబడుతుంది: జాహ్నవి 'జాన్హవి' అయి, చివరకు 'జాన్వి'గా మిగిలింది. జహ్ను మహర్షి కూతురు గంగ అనే అర్థం ఆ 'హ్న'లోనే ఉంది. అర్థం కోసం ఆ పేరు పెట్టేవాళ్లు రాతలోనైనా జాహ్నవి అని నిలుపుకోవాలి.

'జ్ఞ' సంగతి మరీ చిత్రం. రాత ఒకటే, మనం 'గ్న' లాగా అంటాం, హిందీవాళ్లు 'గ్య' అంటారు. ఇక్కడి ప్రజ్ఞ ఢిల్లీలో 'ప్రగ్యా'. ఋ కూడా అంతే: మన కృతి 'క్రు', వాళ్ల కృతి 'క్రి'.

అయ్యగారు 'ఙ' అక్షరం వచ్చిందన్నారు. ఆ అక్షరంతో పేరెక్కడ తేవాలి?

తేనక్కర్లేదు. ముందు లెక్క తెలుసుకోండి. బిడ్డ పుట్టినప్పుడు చంద్రుడు ఉన్న నక్షత్ర పాదాన్ని బట్టి పేరు మొదటి అక్షరం చెప్తారు. 27 నక్షత్రాలు, ఒక్కోదానికి 4 పాదాలు, మొత్తం 108 పాదాలకు 108 అక్షరాలు. అశ్వినికి చు, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. మఖకు మా, మీ, మూ, మే. అనూరాధకు నా, నీ, నూ, నే. ఇవి ఇబ్బంది పెట్టవు. ఇబ్బంది ఎక్కువగా నాలుగు చోట్ల వస్తుంది: ఆరుద్ర (కూ, ఘ, ఙ, ఛ), హస్త (పూ, ష, ణ, ఠ), పూర్వాషాఢ (బూ, ధా, భా, ఢా), ఉత్తరాభాద్ర (దూ, థ, ఝ, ఞ). ఒకటి రెండు అక్షరాల్లో పంచాంగానికీ పంచాంగానికీ తేడా ఉంటుంది. ఙ, ఞ, ణ లతో తెలుగులో మాటే మొదలవదు.

దీనికి పెద్దలు ఎప్పటినుంచో పాటిస్తున్న దారులు మూడు. ఒకటి, అదే నక్షత్రంలోని వేరే పాదం అక్షరం తీసుకోవడం. రెండు, అదే రాశిలోని పక్క నక్షత్రం అక్షరం తీసుకోవడం. ఆరుద్ర మిథున రాశిలోది కాబట్టి కా, కీ, కే, కో, హా కూడా వస్తాయి: కార్తీక్, కీర్తి, కావ్య, హారిక. హస్త వాళ్లకు కన్యారాశి ప అక్షరాలు: పావని, పూజిత. ఉత్తరాభాద్ర వాళ్లకు మీనరాశిలో దీ, దే, దో, చా, చీ: దీపిక, దేవిక. ఆశ్లేషకు డీ, డూ, డే, డో తప్ప లేవనుకునేవాళ్లు కర్కాటకంలోని హీ, హూ, హే, హో చూడండి: హిమజ, హేమంత్, హేమలత. మూడో దారి, నక్షత్రం అక్షరంతో పెట్టిన జన్మనామం పూజలో సంకల్పానికి మాత్రమే ఉంచి, వాడుక పేరు విడిగా పెట్టుకోవడం.

ఏ దారి అయినా పేరు ఖాయం చేసేముందే అయ్యగారితో అనుకోండి. బియ్యంలో రాసేటప్పుడు కాదు.

అక్షరంలో దీర్ఘం వస్తే దీర్ఘమే పెట్టాలా?

వాడుకలో హ్రస్వదీర్ఘాలు రెండూ చెల్లుతాయి. 'మా' వచ్చినవాళ్లు మానస అన్నా, మధు అన్నా పెద్దలు ఒప్పుకుంటారు. 'చే'కి చైతన్య, 'పా'కి ప్రణవ్ పెడుతున్నారు. శ, స లను కూడా కలిపే చూస్తారు. పట్టింపు ఎక్కువున్న ఇల్లయితే ముందే అడగండి.

పుట్టిన టైం అయిదు నిమిషాలు అటూ ఇటూ అయితే అక్షరం మారుతుందా?

చాలాసార్లు మారదు. చంద్రుడు ఒక నక్షత్రం దాటడానికి సుమారు ఒక రోజు పడుతుంది, ఒక పాదానికి ఆరు గంటల చొప్పున. పాదం మారే సంధిలో పుట్టిన బిడ్డకే నిమిషాల తేడా ముఖ్యం. అప్పుడు కూడా ఇంట్లోవాళ్ల జ్ఞాపకాన్ని కాకుండా ఆసుపత్రి ప్రసవం రికార్డులో రాసిన టైమును తీసుకోండి. ఇప్పటి ఆకాశ గణితంతో కట్టే దృక్, పాత సూత్రాలతో కట్టే వాక్య పంచాంగాల మధ్య సంధి వేళల్లో తేడా వస్తుంది, అందుకే ఇద్దరు అయ్యగార్లు రెండు అక్షరాలు చెప్పడం ఉంది. ఎవరూ తప్పు చెప్పినట్టు కాదు. మీ ఇంటి పనులన్నీ ఏ పంచాంగంతో నడుస్తాయో దాన్నే పట్టుకోండి.

మగపిల్లలకు సరి అక్షరాలు, ఆడపిల్లలకు బేసి అక్షరాలు అనే మాటకు ఆధారం ఉందా?

ఉంది. ఇంట్లో చేసే సంస్కారాలను చెప్పే ప్రాచీన గ్రంథం ఆశ్వలాయన గృహ్యసూత్రంలో నామకరణం చెప్పినచోట ఈ నియమం ఉంది. మగపిల్లవాడి పేరు ఘోషాక్షరంతో, అంటే గ, జ, డ, ద, బ, మ, య, ర, ల, వ, హ వంటి నాదమున్న హల్లుతో మొదలవాలి. మధ్యలో య, ర, ల, వ లలో ఒకటి ఉండాలి. రెండో నాలుగో అక్షరాలుండాలి. ఆడపిల్లల పేరుకు బేసి అక్షరాలు. దేవ, భద్ర ఆ లెక్కకు సరిపోతాయి. ఆడపిల్లలకు రేణుక, సుజాత, లలిత.

లెక్కపెట్టేటప్పుడు పొల్లును అక్షరంగా లెక్కించొద్దు. 'సాత్విక్' రెండక్షరాలే: సా, త్విక్. 'తన్వి' కూడా రెండే, కాబట్టి ఆడపిల్లల బేసి నియమానికి సరిపోదు. నియమం పాటించాలనుకునేవాళ్లు 'తన్విత' లాంటివి చూస్తున్నారు. పాటించని ఇళ్లూ ఎన్నో ఉన్నాయి. మన యాదగిరి, నర్సింహ, జోగులాంబ ఈ లెక్కలు చూసి పెట్టిన పేర్లు కావు, మొక్కు చూసి పెట్టినవి.

తాత పేరు యాదగిరి. మనవడికి ఆ పేరు నిలవాలి, కానీ కొత్తగా వినపడాలి. ఎట్లా?

ఈ ప్రాంతపు పేర్లకు వేళ్లు గుట్టల మీద, జాతరల్లో ఉన్నాయి. యాదగిరిగుట్ట నుంచి యాదగిరి, యాదయ్య, యాదమ్మ, నర్సింహస్వామి పేరున నర్సింహ, నర్సింహులు, నర్సమ్మ, శ్రీశైలం మల్లన్న పేరున మల్లయ్య, మల్లమ్మ, క్షేత్రం పేరే మనిషి పేరైన శ్రీశైలం, పెద్దగట్టు లింగమంతుల స్వామితో లింగయ్య, లింగమ్మ, చెర్వుగట్టుతో రామలింగం, కురుమూర్తి జాతరతో కురుమూర్తి, కుర్మయ్య, అలంపురంతో జోగులాంబ. ఈ పేర్లు ఒక తరంలో మాయమైపోతే ఊరి ఆనవాలే పోతుంది. అందుకే నిలుపుకోవాలనే ఆలోచనకు మేం గట్టిగా అటువైపే.

మూడు రకాలుగా చేస్తున్నారు.

పూర్తి పేరును రెండో భాగంగా ఉంచడం మొదటిది: వరుణ్ యాదగిరి, చరణ్ నర్సింహ. రికార్డులో తాత పేరు చెక్కుచెదరదు, పిలుపు కొత్తది. మొత్తం పొడవు చూసుకోవాలి. ఇంటిపేరు, రెండు పేర్లు కలిపి మరీ పొడుగైతే ఫారాల గళ్లలో తెగిపోతుంది.

అర్థాన్నో దేవుణ్నో నిలుపుకోవడం రెండోది. ఎల్లమ్మకు రేణుక, నర్సింహకు నృసింహ లేదా ప్రహ్లాద్, శ్రీశైలానికి శైలేశ్, మల్లమ్మకు మల్లిక. జోగులాంబకు యోగిత పెట్టొచ్చు: 'యోగి' మాట 'జోగి' అయినట్టే 'యోగ' శబ్దం 'జోగు' అయింది, కాబట్టి అదే వేరు. లచ్చమ్మ పేరున 'లక్షిత' పెడుతున్నవాళ్లు ఒకటి గమనించండి. లక్షిత అంటే గుర్తించబడినది అని, లక్ష్మి కాదు. పద్మజ, కమల, ఇందిర లక్ష్మి పేర్లే.

మూడోది మొదటి అక్షరం మాత్రమే నిలపడం. నర్సింహ తాతకు 'న'తో నిహాల్ పెట్టడం వంటిది. ఇది మాకు తృప్తినివ్వదు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక తన పేరులో తాత ఎక్కడున్నాడని అడిగితే చూపించడానికి ఒక్క హల్లు తప్ప ఏమీ ఉండదు.

ఇంకొకటి: కోడలు మామ పేరు నోట పలకని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అట్లాంటి ఇంట్లో తాత పేరు పెడితే తల్లి పిల్లవాణ్ని 'పెద్దయ్య', 'తాత' అని పిలుస్తుంది. పిలుపు పేరు ఒకటి ముందే అనుకుంటే ఆమెకు ఇబ్బంది ఉండదు.

పెంటయ్య, భిక్షపతి లాంటి పేర్లు ఎందుకు పెట్టేవారు? ఇంట్లో ఆ మొక్కు ఉంటే ఏం చేయాలి?

పుట్టిన పిల్లలు దక్కని ఇంట్లో, తర్వాత పుట్టిన బిడ్డ మీద చావు కన్ను పడకుండా, ఈ బిడ్డ మాకు పెంట మీద దొరికింది అన్నట్టు పెంటయ్య, పెంటమ్మ అని, భిక్షగా దొరికింది అన్నట్టు భిక్షపతి, భిక్షమయ్య, భిక్షం అని పెట్టుకున్నారు. పేరులోని శబ్దం గరుకు, దాని వెనుక ఉన్నది బిడ్డ బతకాలనే ఆరాటం. నల్లగొండ వైపు భిక్షం అనే పేరు ఈనాటికీ గౌరవంగానే వినపడుతుంది.

మొక్కు ఉంటే తొట్టెల్లో వేసేటప్పుడు ఆ పేరు పిలిచి, రికార్డులో వేరే పేరు రాయించేవాళ్లు ఉన్నారు. అది చాలు. బడిలో పిల్లవాడు భరించాల్సిన పేరును పెద్దల మొక్కు కోసం కాగితం ఎక్కించొద్దు.

ఇంటర్నెట్టులో చూపించే అర్థాలు నమ్మొచ్చా?

చూసి వదలకండి, సరిచూడండి. 'ఆరవ్'కు శాంతి అని రాస్తారు. సంస్కృతంలో ఆరవం అంటే ధ్వని, అరుపు. 'రేయాన్ష్'కు సూర్యకిరణం అని చెప్తారు. ఆ రూపం సంస్కృత నిఘంటువులో దొరకదు. 'సాన్వి' లక్ష్మి పేరంటారు, లక్ష్మీ అష్టోత్తరంలో ఆ నామం లేదు. 'ఋత్విక్' మాత్రం నిక్కమైన మాట, యజ్ఞం చేయించే పురోహితుడు. 'నిశాంత్' అంటే రాత్రి ముగిసే వేళ. 'అనామిక' అంటే పేరు లేనిది, ఉంగరపు వేలు.

పద్ధతి: పేరును పూర్తి సంస్కృత రూపంలోకి తెండి, అంటే పొల్లు తీసి అచ్చు పెట్టండి: ఆరవ్ 'ఆరవ', సాత్విక్ 'సాత్త్విక'. ఆ రూపాన్ని శబ్దరత్నాకరంలోనో సంస్కృత నిఘంటువులోనో వెతకండి. లేదా బడిలో తెలుగు పంతులుగారిని అడగండి. దొరకకపోతే అది కల్పించిన పేరు. శబ్దం నచ్చి కల్పించిన పేరు పెట్టుకోవడంలో తప్పు లేదు. లేని అర్థం చెప్పుకోవడమే వద్దు.

తెలుగులో ఒక్క దీర్ఘం, ఒక్క శ తప్పితే అంత తేడా వస్తుందా?

వస్తుంది. శంకర అంటే శుభం చేసేవాడు, సంకర అంటే కలగలుపు. మాలిని అంటే మాల ధరించినది, మలిన అంటే మురికిది. ఆశ్రిత అంటే అండ చేరినది. దీర్ఘం పోయి 'అశ్రిత' అయితే అండ లేనిది. 

ఇట్లాంటివి పడేది ఎక్కువగా కంప్యూటర్ దగ్గర. ఆపరేటర్ ఇంగ్లీషులో పేరు కొడతాడు, తెలుగు గడి దానంతట అదే నిండుతుంది. ఇంగ్లీషులో 'ఎమ్-ఎ-ఎన్-ఎ-ఎస్-ఎ' అని ఉంటే అది మానసో మనసో యంత్రానికి తెలియదు. అందుకే ఒక చీటీ మీద పైన తెలుగులో, కింద ఇంగ్లీషు పెద్దక్షరాల్లో రాసుకుని పోండి. ప్రింటు తీసేముందు తెర మీద తెలుగు గడి చూపించమని అడగండి.

మన ఊరి పేరే చూడండి. నల్లని కొండ నల్లగొండ. ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'ల'కారం, ఒక అచ్చు రాలిపోయి 'నల్గొండ' అయింది, ఇప్పుడు తెలుగు బోర్డుల మీద కూడా అట్లాగే రాస్తున్నారు. మనిషి పేరుకూ ఇదే గతి పడుతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగు ఎట్లా ఖాయం చేయాలి?

మొదటి చిక్కు 'త'. మనం త కు 'టి-హెచ్' రాస్తాం, ట కు ఒట్టి 'టి'. ఉత్తరాదివాళ్లు త కు కూడా ఒట్టి 'టి' రాస్తారు. మన స్పెల్లింగులో సరితను వాళ్లు 'సరిథ' అని చదువుతారు, వాళ్ల స్పెల్లింగును మనవాళ్లు 'సరిట' అంటారు. పిల్లలు ఎక్కువకాలం ఉండేది ఇక్కడే కాబట్టి 'టి-హెచ్' మంచిదని మా అభిప్రాయం. పైగా హర్షిత్, దీక్షిత్ లాంటి పేర్లకు చివర 'హెచ్' తప్పకుండా ఉండాలి. ఒట్టి 'టి'తో ముగిస్తే ఆఖరి నాలుగక్షరాలు ఇంగ్లీషులో ఒక తిట్టు మాట అవుతాయి, పై చదువుకు దేశం దాటిన పిల్లలు ఇబ్బంది పడతారు.

శ కు 'ఎస్-హెచ్' రాయండి. ఒట్టి 'ఎస్' రాస్తే శివ 'సివ' అవుతుంది. 'శ్రీ'కి మాత్రం వాడుకలో ఉన్న 'ఎస్-ఆర్-ఐ' చాలు. దీర్ఘానికి రెండు 'ఎ'లు, అర్థం మారే చోట మాత్రమే పెట్టండి. ణ, ళ లకు ఇంగ్లీషులో వేరే అక్షరం లేదు, దాని కోసం తంటాలు పడొద్దు. జ్ఞ కు 'జి-ఎన్' రాస్తే మన పలుకు నిలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఒకసారి రాసిన స్పెల్లింగు మార్చకపోవడం. టీకాల కార్డు మీద ఒకటి, ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి ఉంటే పదో తరగతి మెమో వచ్చేనాటికి ఏది అసలో తేల్చడం కష్టం.

సంఖ్యాశాస్త్రం ప్రకారం ఒక అక్షరం ఎక్కువ చేర్చమన్నారు.

నమ్మకం మీది. రెండు సంగతులు తెలుసుకోండి. ఒక పద్ధతిలో అక్షరాలకు 1 నుంచి 8 దాకా విలువలు, ఇంకొక పద్ధతిలో 1 నుంచి 9 దాకా. ఒకే పేరుకు రెండు మొత్తాలు వస్తాయి. రెండోది, 'ఎస్' రెండుసార్లో, చివర ఇంకో 'ఎ'నో చేర్చిన పేరును ప్రతి గుమస్తా తప్పనుకుని తీసేస్తాడు. చేర్చాలనుకుంటే జనన ధ్రువపత్రంలోనే చేర్చండి. మధ్యలో కాదు.

అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒకే అక్షరం, ఒకే ప్రాస పెట్టొచ్చా?

పెట్టొచ్చు గాని మొదటి అచ్చు మార్చండి. శ్రావ్య, కావ్య అంటే వంటింట్లోంచి పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. కావ్య, దివ్య అంటే ప్రాస ఉంటుంది, తికమక ఉండదు. సాయి తేజ, సాయి చరణ్ అని పెడితే ఇంటికి ఇద్దరు సాయిలు. కవలలకు మరీ జాగ్రత్త: పుట్టిన తేదీ ఒకటే, ఇంటిపేరు ఒకటే, పేరు కూడా ఒకటి రెండు అక్షరాల తేడాతో ఉంటే టీకాల రికార్డులు, ఆధార్ కలిసిపోతాయి.

ఇంటిపేరుతో కలిపి పలికితే వినడానికి బాగుండటం లేదు. ఏం చూడాలి?

ఇంటిపేరు ఆఖరి శబ్దం, పేరు మొదటి శబ్దం ఢీకొనకూడదు. దేవరకొండ వైపు లంబాడా ఇంటిపేర్లు చాలావరకు 'త్'తో ముగుస్తాయి: రమావత్, కేతావత్, నేనావత్. వాటి తర్వాత 'త' పేరు పెడితే రెండు త లు ఒకటవుతాయి: 'రమావత్ తరుణ్'. అచ్చుతో మొదలయ్యే పేరైతే అతుక్కుపోతుంది: 'కేతావత్ అనిత' గబగబా చదివితే 'కేతావతనిత'. మ, ర, స లతో మొదలయ్యేవి విడిగా వినిపిస్తాయి.

ఉర్దూ పేర్లు తెలుగులో రాసేటప్పుడు ఏం పోతుంది?

ఉర్దూ అక్షరాలు జీమ్ (ఇంగ్లీషు 'జె' శబ్దం), జే (ఇంగ్లీషు 'జెడ్' శబ్దం) రెండింటికీ తెలుగులో 'జ' ఒకటే. తెలుగు రాత నుంచి ఇంగ్లీషుకు మారిస్తే 'జెడ్' ఉండాల్సిన చోట 'జె' పడుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగును ముందు ఖాయం చేసి, తెలుగును దాన్నుంచి రాయించండి. ఇక్కడ వరుస తిరగేయాలి.

పేరు ఎప్పటిలోగా నమోదు చేయించాలి?

జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు అప్పటికి ఖాయం కాకపోయినా ఫరవాలేదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు లేకుండానే నమోదుకు వీలిచ్చింది. నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోగా పేరు ఉచితంగా చేర్పించుకోవచ్చు, ఆ తర్వాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా. పల్లెలో గ్రామపంచాయతీ కార్యదర్శి దగ్గర, పట్టణంలో మున్సిపాలిటీలో. ఆసుపత్రిలో పుడితే ఏ ఊళ్లో పుట్టారో అక్కడి రికార్డులోనే ఉంటుంది, సొంతూళ్లో కాదు.

కాబట్టి ఇరవై ఒకటో రోజు తొట్టెల పెట్టుకున్నవాళ్లు పేరు కోసం జనన నమోదు ఆపొద్దు. అట్లాగని తొందరపడి ఏదో ఒక పేరు చెప్పి రాయించొద్దు. ఒకసారి ఎక్కిన పేరులో అక్షరదోషం దిద్దించుకోవచ్చు గాని, పేరే మార్చడం పెద్ద పని. 2023 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, ఆ తేదీన, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేర్పించడానికి, ఆధార్‌కు, ఓటుకు, లైసెన్సుకు పుట్టిన తేదీ, స్థలం చూపించడానికి ఈ పత్రమే ఆధారం.

ఇంటిపేరును ఇనీషియల్‌గా రాయించాలా, పూర్తిగానా?

పూర్తిగా. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు, పేరుకు వేర్వేరు గళ్లు ఉంటాయి, అక్కడ పొట్టి అక్షరాలు కుదరవు. ఒంటి పేరుతో పాస్‌పోర్టు ఉంటే అమెరికా వీసాలో పేరు గడిలో 'ఎఫ్-ఎన్-యు' అని, అంటే మొదటి పేరు తెలియదని పడుతుంది. 2022 నవంబరులో యూఏఈ ఒంటి పేరున్న పాస్‌పోర్టులతో విజిట్ వీసాపై వచ్చేవాళ్లను అనుమతించబోమని చెప్పింది. గల్ఫ్‌కు పనికి పోయేవాళ్లున్న ఇళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి. జనన పత్రంలో ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, మధ్యలో ఒక ఖాళీ, చుక్కలు లేకుండా రాయించండి.

పత్రంలో పేరు ఇప్పటికే తప్పు పడింది. ఇప్పుడేం చేయాలి?

పిల్లకు ఆధార్ తీయకముందే దిద్దించండి. నమోదు చేసిన చోటికే పోవాలి. తల్లిదండ్రుల ఆధార్, ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, టీకాల కార్డు, సరైన పేరు తెలుగు ఇంగ్లీషుల్లో రాసిన చీటీ తీసుకుపోండి. దిద్దిన పత్రం చేతికి రాగానే తెలుగు పేరును అక్షరం అక్షరం వేలు పెట్టి చదవండి: దీర్ఘం, ఒత్తు, శ/ష/స, పొల్లు. తర్వాత తల్లి పేరు, తండ్రి పేరు కూడా అట్లాగే చదవండి. పిల్ల పేరు చూసుకునే ఆత్రంలో తల్లి పేరులో తప్పు వదిలేసి, బడిలో చేర్పించే రోజు మళ్లీ తిరిగేవాళ్లు ఎందరో.